గమ్లాలో మట్టికీ ఒక తారీఖ్ ఉంది

మా మామూజాన్ చేనులో నల్లరేగడి బంగారం లాంటిదని ఊరంతా అంటారు. పత్తి వేస్తే పత్తి, శనగ వేస్తే శనగ. మేం ఫ్లాట్‌లోకి మారిన ఏడాది ఆ మట్టినే రెండు బస్తాలు ఆటోలో వేయించుకొని తెచ్చాను. ఐదు గమ్లాలు నిండుగా నింపి గులాబీ, మోతియా, నిమ్మ, పుదీనా పెట్టాను. కొత్త షౌక్ కదా, పొద్దున ఒకసారి, అసర్ తర్వాత ఇంకోసారి నీళ్ళు పోశాను. జూలై వానలు పట్టుకున్నాక గులాబీ ఆకులు పసుపెక్కాయి. ఆగస్టు వచ్చేసరికి కాండం నల్లబడింది. పీకి చూస్తే వేళ్ళు కుళ్ళిపోయి మురుగు వాసన.

మా కాలనీలో పనిచేసే మాలీ వచ్చి చూశాడు. మట్టిని రెండు వేళ్ళతో నలిపి, నవ్వి, "జమీన్ కీ మట్టీ అలగ్ హోతీ, గమ్లే కీ మట్టీ అలగ్ హోతీ, సాబ్" అన్నాడు. ఫోన్‌లో నానీకి చెప్పుకొని బాధపడితే ఆమె అన్నది ఒకటే మాట: "పానీ డాల్నేకే పహ్‌లే మట్టీ కూ హాత్ లగాకే దేఖ్ బేటా." నీళ్ళు పోసేముందు మట్టిని చేత్తో తాకి చూడు అని.

ఇద్దరూ బడికి పోయి వ్యవసాయం చదివినవాళ్ళు కారు. మరి ఈ ఇల్మ్ వాళ్ళ దాకా ఎలా వచ్చింది? నేలలో మట్టి వేరు, కుండీలో మట్టి వేరు అని మనుషులకు ఎప్పుడు తెలిసింది? చచ్చిన గులాబీ పుణ్యమా అని ఆ తారీఖ్ వెతుక్కుంటూ పోయాను. దొరికింది మీతో పంచుకుంటున్నాను.

ముందు అసలు మసలా ఏమిటి

చేనులో నల్లరేగడి ఎందుకు బాగుంటుంది? అందులో బంకమన్ను ఎక్కువ. నీటిని పట్టుకుంటుంది, ఎండితే నెర్రెలు బారుతుంది. ఆ నెర్రెల్లోంచి గాలి లోపలికి పోతుంది. కింద ఇంకా గజాల లోతు నేల ఉంది కాబట్టి ఎక్కువైన నీళ్ళు మెల్లగా దిగిపోతాయి. ఇంగ్లీషువాళ్ళు ఈ మట్టిని "రెగర్" అంటారు. అది మన తెలుగు రేగడే.

అదే మట్టి ఒక అడుగు లోతు గమ్లాలోకి వస్తే కింద నేల లేదు. అడుగున చిల్లు ఉన్నా మట్టి సన్నటి సందుల్లో కొంత నీటిని పట్టుకొనే ఉంటుంది. కావాలంటే వంటింట్లో గిన్నెలు తోమే స్పాంజ్ తీసుకోండి. బాగా తడిపి పడుకోబెట్టి పట్టుకోండి. చుక్కలు ఆగిపోయాక దాన్ని పొడుగ్గా నిలబెట్టండి. మళ్ళీ నీళ్ళు కారతాయి. అంటే పడుకున్నప్పుడు ఆ నీరంతా లోపలే నిలిచి ఉందన్నమాట. కుండీ ఎంత పొట్టిదైతే అంత ఎక్కువ భాగం తడిలో ఉంటుంది. బంకమన్ను అయితే ఆ తడిలో గాలికి చోటే ఉండదు. వేరుకు నీళ్ళు ఎంత అవసరమో గాలీ అంతే అవసరం. మా గులాబీకి దాహం తీరింది, కానీ ఊపిరి ఆగిపోయింది.

అడుగున గులకరాళ్ళు పోస్తే నీళ్ళు దిగిపోతాయని మనందరం నమ్ముతాం. నేనూ పోశాను. కానీ సన్నటి మట్టిలో నీరు బాగా నిండేదాకా కిందున్న పెద్ద సందుల్లోకి దిగదు. రాళ్ళు పోసినంత మేర మట్టి లోతు తగ్గి, తడి పొర వేళ్ళకు ఇంకా దగ్గరగా వస్తుంది. చిల్లు మూసుకుపోకుండా ఒక్క పెంకు ముక్క వంచి పెడితే చాలు.

చిల్లు ఎంత పాతది

క్రీస్తు పూర్వం రెండో శతాబ్దంలో రోమ్‌లో కేటో అనే పెద్దమనిషి వ్యవసాయం మీద ఒక పుస్తకం రాశాడు. అందులో ఒక హునర్ చెప్పాడు. అడుగున చిల్లున్న కుండ తీసుకొని చెట్టు కొమ్మను ఆ చిల్లులోంచి పైకి దూర్చి, కుండ నిండా మట్టి నింపి చెట్టుకే ఉంచాలి. కొమ్మకు వేళ్ళు వచ్చాక కింద కోసి, కుండతో సహా తీసుకుపోయి నాటాలి. ఇవాళ మన నర్సరీల్లో అంటు కట్టే పద్ధతికి ఇది పాత చుట్టమే. క్రీస్తు శకం 79లో అగ్నిపర్వతం కింద పూడిపోయిన పాంపేయి ఊళ్ళో తోటలు తవ్వితే చిల్లులున్న మట్టి కుండలు బయటపడ్డాయి. అంటే నీళ్ళు బయటికి పోయే దారి ఉండాలన్న సంగతి రెండు వేల ఏళ్ళ కింద కుమ్మరికీ తెలుసు, తోటమాలికీ తెలుసు.

మనం వాడే "గమ్లా" మాట మాత్రం అంత పాతది కాదు. పోర్చుగీసువాళ్ళ "గమేలా" నుంచి వచ్చిందని నిఘంటువులు చెబుతాయి. గమేలా అంటే వాళ్ళకు వెడల్పాటి తొట్టి. మేస్త్రీలు కంకర, మాల్ మోసే ఇనుప గమేళా కూడా ఆ మాటకు తోబుట్టువే. ఒకే మాట ఒక ఇంట్లో పువ్వులు మోసింది, ఇంకోచోట సిమెంటు మోసింది.

తులైతులా ఉస్తాద్

ఇక మట్టి గురించి. 11వ శతాబ్దం, అందులూస్. ఇవాళ టొలీడో అంటున్న ఊరును అరబీలో తులైతులా అనేవారు. అక్కడి పాలకుడు అల్ మామూన్ తోటలో ఇబ్న్ బస్సాల్ అనే బాగ్బాన్ పనిచేసేవాడు. ఆయన ఫలాహత్ మీద రాసిన కితాబు సంక్షిప్త రూపంలో మనకు మిగిలింది. చేత్తో పనిచేసినవాడు రాసిన పుస్తకమది.

ఇబ్న్ బస్సాల్ మట్టిని పది రకాలుగా విడదీశాడు. మెత్తనిది, ముద్దగా ఉండేది, కొండ మట్టి, ఇసుక మట్టి, ఎరువు పడి నల్లబడినది, తెల్లది, పచ్చనిది, ఎర్రది, గరుకుది, ఇలా. ప్రతిదానికీ ఏ మౌసమ్‌లో ఎలా ఉంటుంది, ఏది తట్టుకుంటుంది, ఏ ఎరువు కావాలి అని చెప్పాడు. ఏ మట్టినీ పనికిరానిదని పారేయలేదు. దాని మిజాజ్ ఏమిటో తెలుసుకొని, లోటును సరిచేయమన్నాడు. నీళ్ళనూ అలాగే విడదీశాడు: వాన నీళ్ళు, నది నీళ్ళు, ఊట నీళ్ళు, బావి నీళ్ళు. ఎరువుల్లో పావురం రెట్ట వేరు, గుర్రం పేడ వేరు, గొర్రె పెంట వేరు. పచ్చి ఎరువు వేడి చేస్తుంది, మాగనివ్వాలి అన్నది ఆ కాలపు ఫలాహత్ కితాబులన్నిటిలో మళ్ళీ మళ్ళీ కనిపించే మాట. విత్తనాలను ముందు కుండల్లో మొలిపించి, బలపడ్డాక నేలకు మార్చే పద్ధతి కూడా వాళ్ళకు తెలుసు.

ఒక్క మాట ఆగి ఈ "ఫలాహత్" చూడండి. ఫల్లాహ్ అంటే రైతు. రోజుకు ఐదుసార్లు అజాన్‌లో వినే "ఫలాహ్" కూడా ఆ మూడు అక్షరాల నుంచే వచ్చింది: ఫే, లామ్, హే. నేలను చీల్చి దున్నడం ఒక అర్థం, బాగుపడడం ఇంకో అర్థం. అరబీ భాష ఆ రెండింటినీ ఒకే వేరుకు కట్టింది.

ఇష్బీలియా తజ్రుబా

1085లో తులైతులా చేజారింది. ఇబ్న్ బస్సాల్ ఇష్బీలియాకు, అంటే ఇవాళ్టి సెవిల్లాకు వలస వెళ్ళి అక్కడి పాలకుడు అల్ ముతమిద్ దగ్గర మళ్ళీ తోట వేశాడు. ఆ తర్వాత వందేళ్ళకు, 12వ శతాబ్దం చివర్లో, అదే ఊళ్ళో ఇబ్నుల్ అవ్వామ్ "కితాబుల్ ఫిలాహా" రాశాడు. అందులో 585 మొక్కల ప్రస్తావన ఉందని లెక్కగట్టారు. ఇరాక్‌లో ఇబ్న్ వహ్షియ్యా అరబీలోకి తెచ్చిన "ఫిలాహా నబతియ్యా" మొదలుకొని ఇబ్న్ బస్సాల్ దాకా పాతవాళ్ళ మాటలన్నీ పేరు పెట్టి చెప్పాడు. అయితే తన మాట చెప్పేచోట మాత్రం ఒక షరతు పెట్టుకున్నాడు: నేను స్వయంగా చేసి, చాలాసార్లు చూసి, నిజమని తేలినదే నా మాటగా రాస్తాను అని. సెవిల్లా పక్కన షరఫ్ అనే గుట్టల మీద తాను చేసిన తజ్రుబాలు ఆ కితాబులో ఉన్నాయి.

మట్టిని వాసన చూడడం, మట్టి కలిపిన నీటిని వడగట్టి నాలుక మీద వేసుకొని ఉప్పదనం పట్టుకోవడం రోమన్ల కాలం నుంచి వస్తున్న పరీక్షలు. ఈ పుస్తకాలు వాటినీ అందుకొని ముందుకు ఇచ్చాయి. నానీ చెప్పిన "హాత్ లగాకే దేఖ్" ఆ వరుసలోదే.

కితాబు మిగిలింది, చేతులు పోయాయి

ఇక్కడ మనం సాధారణంగా ఫఖర్‌తో ఆగిపోతాం. చూశారా, మనవాళ్ళు ఎంత గొప్పవాళ్ళో అని ఒక ఫార్వర్డ్ పంపి ఊరుకుంటాం. కానీ ఆ తర్వాత జరిగిందే అసలు కథ.

1248లో సెవిల్లా, 1492లో గ్రనాడా పోయాయి. 1500 ప్రాంతంలో గ్రనాడా బిబ్ రంబ్లా చౌక్‌లో అరబీ కితాబులను కుప్పపోసి తగలబెట్టారు. 1567లో రెండో ఫెలిపే రాజు అరబీ మాట్లాడడం, రాయడం మీదే నిషేధం పెట్టాడు. 1609 నుంచి 1614 మధ్య మోరిస్కోలను, అంటే బలవంతాన మతం మార్చిన ముసల్మానుల సంతానాన్ని, దాదాపు 3 లక్షల మందిని దేశం నుంచే వెళ్ళగొట్టారు. వాళ్ళలో ఎంతోమంది తోటలు, కాలువల పని తెలిసిన రైతులు. వాలెన్సియా వైపు ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి.

విచిత్రం ఏమిటంటే, అరబీని నిషేధించిన ఆ రెండో ఫెలిపే కట్టించిన ఎస్కోరియల్ గ్రంథాలయంలోనే అరబీ రాతప్రతులు పోగయ్యాయి. ఇబ్నుల్ అవ్వామ్ కితాబు ప్రతి అక్కడ మిగిలింది. 1802లో బాంకేరి అనే పాద్రీ దాన్ని స్పానిష్ తర్జుమాతో మాడ్రిడ్‌లో అచ్చు వేయించాడు. పొలం చేసే మనుషులను పంపేసి, పొలం ఎలా చేయాలో రాసిన పుస్తకాన్ని రెండు వందల ఏళ్ళ తర్వాత తెరిచి చదువుకున్నారు.

మాటలు కూడా మిగిలాయి. స్పెయిన్ రైతు ఇవాళ్టికీ పంట కాలువను "అసెకియా" అంటాడు. అది అరబీ "అస్సాఖియా", నీళ్ళు ఇచ్చేది. మన ఉర్దూ షాయిరీలో గ్లాసు పట్టుకొని తిరిగే "సాఖీ" కూడా ఆ వేరు నుంచి మొలిచినవాడే.

దీని నుంచి నాకు అర్థమైంది ఇది: ఇల్మ్ రెండుచోట్ల బతుకుతుంది, కాగితం మీద, చేతుల్లో. కాగితం అల్మారాలో వందల ఏళ్ళు ఓపిక పడుతుంది. చేతుల్లో ఉన్నది మాత్రం ఒక్క నస్ల్ అందుకోకపోతే పోతుంది. అందులూస్‌లో ఆ చేతులను రాజ్యం తెంచేసింది. మన ఇళ్ళల్లో ఎవరూ తెంచలేదు. నానీ దగ్గర ఉన్నది నేను అడగలేదు, అంతే.

దక్కన్ మిద్దెల మీద

మన వైపు ఫలాహత్ ఇల్మ్ ఎక్కువగా ఫార్సీలో నడిచింది. 1515లో హెరాత్‌లో ఖాసిం ఇబ్న్ యూసుఫ్ "ఇర్షాదుజ్ జిరాఅత్" రాశాడు. పంటలు, మొక్కలు చెప్పి చివరి భాగంలో చార్‌బాగ్ ఎలా వేయాలో చెప్పాడు. మొగలుల కాలంలో దారా షికోహ్ పేరు మీద నడిచే "నుస్ఖా దర్ ఫన్నె ఫలాహత్" అనే చిన్న పుస్తకం ఉంది. రజియా అక్బర్ చేసిన దాని ఇంగ్లీషు తర్జుమాను 2000లో అచ్చు వేసింది మన సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి హిస్టరీ ఫౌండేషనే.

హైదరాబాద్ గురించి నాకు బాగా నచ్చిన సాక్ష్యం వజ్రాల వ్యాపారి టావెర్నియే ఇచ్చాడు. 17వ శతాబ్దంలో కుతుబ్‌షాహీల దర్బారుకు వచ్చిపోయిన ఫ్రెంచివాడు. 1676లో అచ్చయిన తన సఫర్‌నామాలో ఇక్కడి మహల్ గురించి రాస్తూ, మిద్దెల మీద తోటలున్నాయని, అక్కడ ఎంత పెద్ద చెట్లున్నాయంటే కింది కమానులు ఆ బరువు ఎలా మోస్తున్నాయో అని ఆశ్చర్యపోయాడు.

మిద్దె మీద తోట అంటే ఒక పెద్ద గమ్లాయే. కింద నేల లేదు, మట్టి లోతు తక్కువ, నీళ్ళు నిలిస్తే ముప్పు, బరువు పెరిగితే ఇంకా ముప్పు. నాలుగో అంతస్తు బాల్కనీలో మనం పడే తిప్పలన్నీ ఆనాటి బాగ్బాన్‌లు పడే ఉంటారు. మన శహర్‌కు ఇది కొత్త ఫ్యాషన్ కాదు.

ఏడు, మూడు, రెండు

కుండీ మట్టికి లెక్క కట్టింది మాత్రం 1930లలో ఇంగ్లండ్. లండన్ దగ్గర మెర్టన్‌లో జాన్ ఇన్నెస్ సంస్థ ఉండేది. అక్కడ పరిశోధన కోసం కుండీల్లో పెంచుతున్న చైనా ప్రిమ్‌రోజ్ మొక్కలు మట్టి రోగంతో పెద్ద ఎత్తున చచ్చిపోయాయి. అప్పటిదాకా ఒక్కో తోటమాలికి ఒక్కో మొక్కకు ఒక్కో మిశ్రమం. విలియం లారెన్స్, జాన్ న్యూవెల్ అనే ఇద్దరు వరసగా తజ్రుబాలు చేసి, చాలా మొక్కలకు సరిపోయే ఒకే మిశ్రమం తేల్చారు. ఆవిరితో శుద్ధి చేసిన తోట మట్టి 7 పాళ్ళు, పీట్ 3 పాళ్ళు, దొడ్డు ఇసుక 2 పాళ్ళు. పైన కాస్త సుద్ద, పశువుల గిట్టలు, కొమ్ముల పొడి, సూపర్ ఫాస్ఫేట్, పొటాష్. విత్తనాలకైతే 2, 1, 1. దాన్ని దాచుకొని అమ్ముకోలేదు. నుస్ఖా అందరికీ ఇచ్చేశారు. అందుకే అక్కడ జాన్ ఇన్నెస్ అంటే కంపెనీ పేరు కాదు, పాళ్ళ లెక్క.

ఆ లెక్కలో మట్టి పోషణకు, పీట్ తేమకు, ఇసుక గాలికి. చచ్చిన మొక్క దగ్గరే వాళ్ళ పని కూడా మొదలైంది, నాది మొదలైనట్టే. పీట్ అంటే చిత్తడి నేలల్లో వేల ఏళ్ళు పేరుకున్న నాచు. మన దగ్గర అది లేదు, తవ్వి తీయడం మంచిదీ కాదు. ఆ పని కొబ్బరి పొట్టు చేస్తుంది. కోకోపీట్ అని మార్కెట్లో ఇటుకల్లా అమ్మేది అదే.

మన బాల్కనీకి ఏం చేద్దాం

ఇప్పుడు నేను కలిపే పాళ్ళు ఇవి: ఎర్రమట్టి 2, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వానపాముల ఎరువు 1, కోకోపీట్ 1, దొడ్డు ఇసుక సగం పాలు. గుప్పెడు వేపపిండి. ఇది ఆయత్ కాదు, మీ మట్టిని బట్టి మార్చుకోండి. మీ దగ్గర నల్లరేగడే ఉంటే అది 1 పాలుకు మించనివ్వకండి, ఇసుక పెంచండి.

మిశ్రమాన్ని తడిపి పిడికిట్లో నొక్కండి. ముద్ద కట్టాలి, వేలితో తడితే విరిగిపోవాలి. ముద్ద గట్టిగా అలాగే ఉంటే బంక ఎక్కువ. అసలు ముద్దే కాకపోతే ఇసుక ఎక్కువ. కోకోపీట్‌ను నీళ్ళలో నానబెట్టి, పిండి, ఒకటి రెండుసార్లు కడిగి వాడండి. అందులో ఉప్పు ఉండొచ్చు. ఎరువు వాసన చూడండి. తొలకరి మట్టి వాసన రావాలి, పేడ వాసన వస్తే ఇంకా మాగలేదు. అది గమ్లాలో వేడెక్కి వేళ్ళను కాలుస్తుంది.

నీళ్ళకు టైం టేబుల్ పెట్టుకోకండి. వేలు రెండు కణుపుల దాకా దించి, పొడిగా ఉంటేనే పోయండి. పోసినప్పుడు అడుగు చిల్లులోంచి కారేదాకా పోయండి. కింది సాసర్‌లో నిలిచిన నీళ్ళు పారబోయండి. మే నెలలో మట్టి కుండీకి రోజుకు రెండుసార్లు కావచ్చు, వానాకాలంలో నాలుగు రోజులు అసలు అక్కర్లేకపోవచ్చు. ప్లాస్టిక్ కుండీ ఇంకా నెమ్మదిగా ఆరుతుంది.

బోరు నీళ్ళయితే కుండీ అంచుల మీద తెల్లటి పొర కడుతుంది. అది ఉప్పు. నెలకు ఒకసారి ధారాళంగా నీళ్ళు పోసి కడిగేయండి, వాన నీళ్ళు దొరికితే పట్టి పెట్టుకోండి. ఏడాదికోసారి మొక్కను తీసి, చుట్టలు చుట్టుకున్న వేళ్ళు కొంచెం కత్తిరించి, కొత్త మట్టి కలపండి. గమ్లాలో మట్టి తనంతట తాను కొత్తది కాదు.

మొదటిసారి పెడుతున్నవాళ్ళు గులాబీతో కాదు, పుదీనాతో, మెంతితో మొదలుపెట్టండి. పోయినా పెద్ద నష్టం లేదు. సబ్ర్ నేర్చుకోవడానికి చవకైన మద్రసా అది.

పోయిన రంజాన్ సెలవులకు ఊరెళ్ళినప్పుడు మా అమ్మాయిని నానీ పక్కన కూర్చోబెట్టాను. నానీ గోరింట కొమ్మ విరిచి, మట్టి నలిపి, ముద్ద చేసి, విరిచి చూపించింది. అమ్మాయి అలాగే చేసింది. మొదటి ముద్ద విరగలేదు. ఇంకో గుప్పెడు ఇసుక కలిపింది.

మీ ఇంట్లో నానీ, దాదీ ఎవరైనా ఉంటే ఈ ఆదివారం ఒక గమ్లా ముందు పెట్టి అడగండి. వాళ్ళు చెప్పింది రాసుకోండి. రాసుకొని ఊరుకోకుండా, మీ చేత్తో మట్టి కూడా కలపండి.